మంగళవారం కౌంటరు

మా అమ్మకి రక్తపోటు ఉన్న సంగతి బయటపడిన రోజున ఆమె ఒంట్లో ఏ బాధా లేదు. పక్కింటి వదినకి కాలిన చేతికి కట్టు మార్పించాలంటే తోడుగా మా బ్లాకు ఆసుపత్రికి వెళ్ళింది. బల్ల మీద ఊరికే కూర్చున్న అమ్మని చూసి అక్కడి నర్సు, "మావుసీ, ఖాళీగానే ఉన్నారు కదా, ఇలా రండి, ముప్పై దాటినవాళ్ళందరికీ చూస్తున్నాం" అని పిలిచి చేతికి పట్టీ చుట్టింది. పైది 180, కిందిది 110. ఐదు నిమిషాలు ఆగి రెండో చేతికి చుట్టింది. అంకెలు పెద్దగా మారలేదు. తల తిరగడం లేదు, నొప్పి లేదు, నాకెందుకమ్మా మందులు అని అమ్మ వాదించిందట. ఆ నర్సు వాదించకుండా, ఒక పాత నోటుపుస్తకం తెరిచి, అమ్మ పేరు, ఊరు, మా ఫోను నెంబరు రాసుకుని, ప్రతి నెలా రెండో మంగళవారం రమ్మని చెప్పి పంపింది.

ఆ నోటుపుస్తకం గురించి చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆసుపత్రి అనగానే మనకి ఆపరేషన్ థియేటరు, ఆక్సిజన్ గొట్టాలు, పేరున్న సర్జన్లు గుర్తుకొస్తారు. పేదవాడికి వైద్యం అందించడమంటే అతన్ని ఎలాగోలా అలాంటి చోటికి చేర్చి, బిల్లు ప్రభుత్వం కట్టడమేనన్న అభిప్రాయం చదువుకున్నవారిలో బాగా పాతుకుపోయింది. సరిహద్దు జిల్లాలో పుట్టి, ఇక్కడే పెరిగి, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళకి దీర్ఘ రోగాలు చూసినవాడిగా ఆ అభిప్రాయం తప్పని నా నమ్మకం. ఒకే మనిషిని నెల తర్వాత నెల, ఏళ్ళ తరబడి చూస్తూ ఉండే దగ్గరి ఆసుపత్రి లేకపోతే, దూరాన ఎంత గొప్ప ఆసుపత్రి ఉన్నా, చేతిలో ఎన్ని లక్షల ఆరోగ్య కార్డు ఉన్నా, అవి ఆలస్యంగా అందే సాయాలే అవుతాయి.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, వంశధారకి దగ్గరలో ఒక పల్లె. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి చుట్టుపక్కల ప్రాంతం ఇటు వచ్చింది. 1992లో గంజాం నుంచి విడదీసి గజపతిని వేరే జిల్లా చేశారు. రాష్ట్రం మారినా ఇంట్లో మాట మారలేదు. బడిలో, ఆఫీసులో ఒడియా, సంతలో, ఇంట్లో తెలుగు, కొండ మీది ఊళ్ళలో సవర. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో సగానికి పైగా గిరిజనులే. మా వైపు నుంచి పెద్ద జబ్బు చేసినవాళ్ళు రెండు దారులు పడతారు. కొందరు బరంపురంలోని వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్తారు. 1962లో మొదలైన ఆ కళాశాలకి మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరే పెట్టారు. తెలుగు మాట్లాడేవాళ్ళలో చాలామంది మాత్రం గుణుపురం నుంచి వచ్చే రైలెక్కి పాతపట్నం, టెక్కలి, నౌపడ మీదుగా విశాఖపట్నం వెళ్ళి కింగ్ జార్జి ఆసుపత్రిలో వరసలో నిలబడతారు. బంధువులు అటే ఉంటారు, అక్కడ నోరు తెరిచి మాట్లాడితే అర్థమవుతుంది, అందుకని.

ఈ రెండు దారులకీ ముందు ఉండేదే సామాజిక ఆరోగ్య కేంద్రం. మా దగ్గర దాన్ని అలా ఎవరూ పిలవరు. ఒడియావాళ్ళు డాక్టర్‌ఖానా అంటారు, మేము బ్లాకు ఆసుపత్రి అంటాం. మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికి ఒకటి చొప్పున ఉండాలని లెక్క. 30 పడకలు, ఒక సర్జను, ఒక ఫిజీషియను, ఒక స్త్రీల వైద్య నిపుణురాలు, ఒక పిల్లల వైద్యుడు, వారితో పాటు మత్తు డాక్టరు ఉండాలి. దాని కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటి కింద ఉపకేంద్రాలు, అన్నిటికంటే కింద ఊళ్ళో ఉండే ఆశా కార్యకర్త, మా మాటలో ఆశా దీదీ. ఈ మెట్ల వరసకి మూలం, దేశంలో ఆరోగ్య ఏర్పాట్లు ఎలా ఉండాలో చెప్పమని 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక. డబ్బు లేదన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్నది ఆ నివేదిక పెట్టుకున్న మొదటి సూత్రం. 1952లో సమాజాభివృద్ధి పథకంతో మొదటి ప్రాథమిక కేంద్రాలు వచ్చాయి. అంటే ఇది నిన్నమొన్న ఎవరో కనిపెట్టిన ఏర్పాటు కాదు. మన తాతల నాటినుంచీ కట్టుకుంటూ వస్తున్న ఇల్లు, కొన్ని గదులకి ఇప్పటికీ కప్పు పడలేదు.

అమ్మ సంగతికి వస్తాను. రెండేళ్ళపాటు ఆమె ప్రతి రెండో మంగళవారం వెళ్ళేది. ఆ నర్సు ఆమ్లోడిపిన్ అనే రక్తపోటు మాత్రల అట్టలని కత్తెరతో నెలకు సరిపడా కోసి, పాత క్యాలెండరు కాగితంతో మడిచిన పొట్లంలో పెట్టి, పొట్లం మీద సూర్యుడి బొమ్మ వేసేది. రాత్రి వేసుకోవలసిన మాత్రలున్నవాళ్ళ పొట్లం మీద చంద్రవంక ఉండేది. షుగరు మాత్రలకి బొమ్మ పక్కన ఒక గిన్నె గీసేది, అన్నం తిన్నాక వేసుకోమని. ఒడియా చదవలేని తెలుగు ముసలమ్మకీ, ఏ లిపీ రాని సవర తాతకీ ఆ పొట్లం ఒకేలా అర్థమయ్యేది. మందు పేరు తెలియకపోయినా మా అమ్మ దాన్ని సూర్యుడి మాత్ర అనేది. ఇప్పటికీ అలాగే అంటుంది.

ఆరేళ్ళ క్రితం ఆ నర్సు ప్రసూతి సెలవు మీద వెళ్ళింది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. మంగళవారం కౌంటరు మూసేశారు. ఒకటి రెండుసార్లు అమ్మ వెళ్ళి తిరిగివచ్చింది. మాత్రలు స్టాకు లేవని ఒకసారి, ఇచ్చే మనిషి లేదని ఒకసారి చెప్పారు. ఆ మాత్ర బయట కొన్నా రోజుకి రెండు మూడు రూపాయలే. నేను ఒక అట్ట కొని తెచ్చాను. అది అయిపోయాక, మానేసినా ఏమీ కాలేదు కదా అని అమ్మ ఊరుకుంది. ఆ మాట నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ నోటుపుస్తకం అడిగేది. రెండు నెలలు రాని పేరు కింద ఎర్ర సిరాతో గీత పడేది, గీత పడితే ఆ ఊరి ఆశా దీదీకి ఫోను వెళ్ళేది. పుస్తకం బీరువాలో ఉంది, దాన్ని తెరిచే చెయ్యి లేదు.

భాద్రపదంలో ఒక తెల్లవారుజామున అమ్మ చేతిలోంచి చెంబు జారిపోయింది. వంగి తీసుకుందామంటే కుడిచేయి లేవలేదు. పిలిస్తే మాట ముద్దగా వచ్చింది. బ్లాకు ఆసుపత్రికి తీసుకెళితే అక్కడున్న యువ డాక్టరు రెండు నిమిషాల్లో పక్షవాతం అని పోల్చాడు. అతని దోషం ఏమీ లేదు. మెదడులో గడ్డ కట్టిందో రక్తం కారిందో తేల్చడానికి సీటీ స్కాను కావాలి, గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపల పడాలి. ఆ రెండూ అక్కడ లేవు. బండి మాట్లాడుకుని, పాతపట్నం దగ్గర గేటు పడితే ఆగి, సరిహద్దు దాటి, మధ్యాహ్నానికి ఒక పెద్ద ఆసుపత్రి చేరాం. నాలుగున్నర గంటలు దారిలోనే అయిపోయాయి. మా దగ్గరున్న కార్డు చెల్లే ఆసుపత్రుల జాబితాలో అది లేదు. పొలం కాగితాలు తాకట్టు పెట్టాం. అమ్మ బతికింది. కుడిచేత్తో ముద్ద కలుపుకోలేదు, జడ వేసుకోలేదు.

ఈ కథలో లోపించింది పెద్ద ఆసుపత్రి కాదు. పెద్ద ఆసుపత్రి ఉన్న చోటే ఉంది, మేము వెళ్ళాం, వాళ్ళు చేయగలిగింది చేశారు. లోపించింది రోజుకి రెండు రూపాయల మాత్ర, దాన్ని ఇచ్చే ఒక మనిషి, మూడు నెలల కాలం. మూడు నెలల జీతం మిగిలిందనుకున్న చోట ఒక కుటుంబానికి పదేళ్ళ అప్పు మిగిలింది. ఇలాంటి లెక్క ప్రభుత్వ ఖాతాల్లో ఎక్కడా కనిపించదు. ఎందుకంటే ఆ అప్పు మా ఖాతాలో పడింది.

ఇక్కడే ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడాలి. నేను కార్డులకి వ్యతిరేకిని కాను. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మా పక్కనున్న శ్రీకాకుళం ఒకటి. గుండె ఆపరేషను చేయించుకుని బతికి వచ్చిన అటువైపు చుట్టాలని మేమందరం చూశాం. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది, ఏడాదికి కుటుంబానికి ఐదు లక్షల వరకు. అదే ఏడు ఒడిశా తన సొంత బీజు స్వాస్థ్య కల్యాణ యోజన తెచ్చింది. 2025 నుంచి కేంద్ర పథకమూ ఇక్కడ అమల్లోకి వచ్చింది. ఇవి ప్రాణాలు నిలబెట్టాయి, సందేహం లేదు. కానీ ఆయుష్మాన్ కార్డు ఎప్పుడు పని చేస్తుందో గమనించండి. మనిషి ఆసుపత్రిలో చేరినప్పుడు. నెలనెలా వేసుకునే రక్తపోటు మాత్రకి, షుగరు పరీక్షకి, బయటి రోగిగా చూపించుకోవడానికి అది అక్కరకి రాదు. మూర్ఛ రోగి రోజూ మింగే మాత్రకీ రాదు. అంటే రోగం ముదిరి, మనిషి మంచం పట్టి, పనికి వెళ్ళలేని స్థితికి వచ్చాకే దాని తలుపు తెరుచుకుంటుంది. ఆ స్థితికి రానివ్వకుండా ఆపే పని ఎవరిది? మంగళవారం కౌంటరుది. పంటకి తెగులు పట్టాక పరిహారం ఇవ్వడమూ మంచిదే, కానీ ఏ రైతూ దాన్ని నమ్ముకుని విత్తడు.

పైగా సరిహద్దులో బతికేవారికి కార్డుకి ఇంకో చిక్కు ఉంది. ఏ రాష్ట్రం కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుంది, జాబితాలో ఆ జబ్బు ఉందా, కాగితం ఒడియాలో ఉంటే అటువాళ్ళు చదువుతారా, ఆధార్‌లో ఇంటిపేరు ఒడియా పలుకుబడిలో ఒకలా, రేషను కార్డులో తెలుగు పలుకుబడిలో ఒకలా ఉంటే ఎవరు సరిచేస్తారు, ఇవన్నీ రోగి మంచం మీద ఉండగా తేల్చుకోవలసిన విషయాలు. బ్లాకు ఆసుపత్రిలో వీటిలో ఒక్కటీ అడగరు. వెళ్ళి చీటీ రాయించుకుంటే చాలు. ఒడిశా ప్రభుత్వ నిరామయ పథకం కింద 2015 నుంచి మందులు ఉచితంగా ఇస్తున్నారు కూడా. మందు అయిపోయిన నెలల్లో ఏమవుతుందో పైన చెప్పాను, కానీ ఉన్న నెలల్లో అది నిజంగా అందుతుంది. దాన్ని కాదనడం అన్యాయం.

కొండ మీది వాళ్ళకి ఈ ఆసుపత్రి ఎంత దగ్గరో, ఎంత దూరమో మాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఒడిశాలో కొన్ని చోట్ల ఆసుపత్రిని ఆనుకుని మా గృహ అనే వసతి ఉంటుంది. దారి సరిగా లేని ఊళ్ళ గర్భిణులు నెలలు నిండడానికి వారం పది రోజుల ముందే వచ్చి అక్కడ ఉండవచ్చు. కొన్నేళ్ళ కిందట వానాకాలంలో అలాంటి ఒక వసతికి నేను బియ్యం ఇచ్చి రావడానికి వెళ్ళాను. లోపల నలుగురు సవర ఆడపిల్లలు. ఒకామె తన మూడేళ్ళ కొడుకుని వెంట తెచ్చుకుంది. ఇంటి దగ్గర వదిలితే చూసేవాళ్ళు లేరు, వాడు లేకుండా ఈమె రానంది. బయట చూరు కింద ఆమె అత్తగారు మూడు రాళ్ళ పొయ్యి మీద చోడి అంబలి కాస్తోంది. లోపల గ్యాసు పొయ్యి ఉందిగా అంటే, అది కోడలికి వండిపెట్టేవాళ్ళది, నేను తాగే అంబలికి నా పొయ్యి చాలు అని చేత్తో సైగ చేసి చెప్పింది. ఆమె చెప్పినది నాకు తెలుగులో చెప్పింది అక్కడి ఆశా దీదీ. ఆ రోజు కొండవాగు పొంగి ఉంది. ఆ నలుగురిలో ఒకామెకి ఆ రాత్రే నొప్పులు వచ్చాయని, మగపిల్లవాడు పుట్టాడని మర్నాడు తెలిసింది. వాగు అవతల ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే నాకు భయమేసింది.

తల్లులు ఎందుకు చనిపోతారన్న ప్రశ్నకి వైద్యులు మూడు ఆలస్యాల గురించి చెబుతారు. వెళ్దామా వద్దా అని ఇంట్లో తేల్చుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరాక వైద్యం మొదలవడంలో ఆలస్యం. మొదటిదాన్ని ఆశా దీదీ, రెండోదాన్ని మా గృహ తగ్గించగలవు. మూడోదాన్ని తగ్గించవలసింది ఆసుపత్రి. అసలు బాధ అక్కడే ఉంది.

కడుపు కోసి బిడ్డని తీయాలంటే ఒక స్త్రీల వైద్యురాలు ఉంటే సరిపోదు. మత్తు ఇచ్చే డాక్టరు కావాలి, పుట్టిన బిడ్డని చూసేవాళ్ళు కావాలి, రక్తం నిల్వ పెట్టే ఫ్రిజ్ కావాలి, ఆ ఫ్రిజ్‌కి రాత్రంతా కరెంటు కావాలి. గొలుసులో ఒక లంకె లేకపోతే మిగిలిన లంకెలకి జీతం ఇచ్చి కూర్చోబెట్టినట్టే అవుతుంది. మత్తు డాక్టరు లేని చోట స్త్రీల వైద్యురాలు నొప్పులు పడుతున్న మనిషిని చూసి, ఇది మామూలు కాన్పు కాదని గుర్తించి, బండి ఎక్కించి పంపేయడం తప్ప ఏం చేయగలదు? కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లోనే, దేశం మొత్తం మీద గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన నిపుణుల్లో దాదాపు 80 శాతం మంది కొరత ఉందని ఉంది. ఐదుగురు ఉండవలసిన చోట ఒకరు. ఆ ఒకరు కూడా పక్కన తోడు లేక సగం పనే చేయగలరు. కాబట్టి కొరత అంకెలో కనిపించేదానికంటే నిజంలో ఇంకా ఎక్కువ.

దీనికి మందు లేదా అంటే ఉంది. మామూలు ఎంబీబీఎస్ డాక్టర్లకి కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి, కాన్పు ఆపరేషన్లకి కావలసిన మత్తు ఇవ్వడం నేర్పించే పద్ధతి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కాలం నుంచీ ఉంది. శిక్షణ పొందినవాళ్ళని ఆ పని లేని చోటికి బదిలీ చేయకుండా ఉంటే చాలు. నాకు తెలిసిన ఒక డాక్టరు ఆ శిక్షణ పూర్తి చేసి వచ్చేసరికి, ఆపరేషను బల్లే లేని కేంద్రానికి వేశారు. ఆయన నేర్చుకున్నది ఆయన చేతుల్లోనే ఉండిపోయింది. దూరపు ప్రాంతాల్లో పనిచేసే డాక్టర్లకి ఒడిశా ప్రభుత్వం అదనంగా డబ్బు ఇస్తోంది, అది మంచిదే. కానీ రెండేళ్ళు ఉండి వెళ్ళిపోయినవాళ్ళని అడిగితే డబ్బు మాట రెండోదిగా వస్తుంది. ఒక్కడినే ఉన్నాను, రాత్రి ఏదైనా జరిగితే నన్నే కొడతారు, పిల్లల బడి లేదు, క్వార్టర్సులో నీళ్ళు రావు, ఇవి ముందు వస్తాయి. ముగ్గురు నిపుణుల్ని మూడు ఆసుపత్రుల్లో చల్లడం కంటే ఒక్క ఆసుపత్రిలో కలిపి ఉంచితే వాళ్ళూ నిలబడతారు, పనీ జరుగుతుంది. పక్క బ్లాకుకి అన్యాయం కదా అంటారు. ఇప్పుడు జరుగుతున్నది మూడు బ్లాకులకీ అన్యాయమే.

దగ్గరి ఆసుపత్రి, దాని కింద ఉన్న మనుషులు కలిసి పనిచేస్తే ఏం జరుగుతుందో చూడాలంటే మలేరియానే చూడవచ్చు. నా చిన్నతనంలో వానలు మొదలయ్యాయంటే కొండల వైపు నుంచి చలిజ్వరం వార్తలు వచ్చేవి. ఒక దశలో దేశంలో నమోదయ్యే మలేరియా కేసుల్లో సుమారు 40 శాతం ఒక్క ఒడిశావే. 2016లో నాలుగు లక్షల నలభై వేలకు పైగా నమోదయ్యాయి. ఆ తర్వాత దుర్గమ ప్రాంతాల్లో మలేరియా నివారణకి దమన్ అనే కార్యక్రమం పెట్టారు. జ్వరం వచ్చినవాడు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, దారి లేని ఊళ్ళకి వెళ్ళి, శిబిరం పెట్టి, జ్వరం ఉన్నా లేకున్నా ఊరందరి వేలి రక్తం పరీక్ష చేశారు. పైకి ఆరోగ్యంగా కనబడుతూ ఒంట్లో మలేరియా క్రిమిని మోసేవాళ్ళు దొరికితే వాళ్ళకీ మందు ఇచ్చారు. దోమతెరలు పంచారు, ఇళ్ళలో మందు కొట్టారు. 2019 నాటికి కేసులు నలభై వేల లోపుకి దిగాయి. ఆ తర్వాతి ఏళ్ళలో మళ్ళీ కొంత పెరిగాయి. నాకు ఆ తగ్గుదలా, ఈ పెరుగుదలా రెండూ ఒకే విషయం చెబుతున్నాయి. ఇది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు. చెట్టుకి నీళ్ళు పోసినట్టు పోస్తూనే ఉండాలి, పోసేవాళ్ళు దగ్గర ఉండాలి. అలాంటి శిబిరాలకి టెస్టు కిట్లు మోసింది, వాటిలో పాజిటివ్ వచ్చినవాడు మందు కోర్సు పూర్తి చేశాడా లేదా అని మూడో రోజు వెళ్ళి చూసింది నగరంలోని ఏ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రీ కాదు.

మహారాష్ట్ర వైపు గడ్చిరోలిలోనూ ఇదే కనిపించింది. సిరొంచ వైపు మనలాగే తెలుగు మాట్లాడేవాళ్ళున్న జిల్లా అది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊళ్ళోని ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డలని ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి 39 గ్రామాల్లో నడిపించారు. నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఇప్పుడు దేశమంతటా బాలింత ఇంటికి ఆశా కార్యకర్త వెళ్ళి బిడ్డని తూచి చూసే పద్ధతికి ఆ అనుభవం దారి చూపింది. ఆసుపత్రిలో కాన్పు అయితే మూడో రోజు మొదలుకొని నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు వెళ్ళాలి. ఆ ఆరు సార్లలో బిడ్డ పాలు తాగడం లేదని, ఒళ్ళు చల్లబడిందని ఆమె గుర్తిస్తే, తీసుకెళ్ళడానికి దగ్గరలో తెరిచి ఉన్న తలుపు ఒకటి కావాలి. బ్లాకు ఆసుపత్రి ఆ తలుపు.

మాట గురించి చెప్పకుండా సరిహద్దు వైద్యం గురించి రాయడం కుదరదు. మా వీధిలో ఒక ముసలమ్మకి మూత్రంలో మంట. ఆమె మాటలో అది "వేడి చేసింది". ఒడియా డాక్టరుకి అర్థం కావాలని తనకొచ్చిన ఒడియాలోకి మార్చి గరమ్ అయ్యింది అని చెప్పింది. ఆయన జ్వరం అనుకుని నుదురు పట్టి చూసి జ్వరం మాత్ర రాశాడు. వారం తర్వాత ఒళ్ళంతా వణుకుతూ నిజంగానే జ్వరంతో వచ్చింది, అప్పటికి ఇన్‌ఫెక్షను కిడ్నీల దాకా పాకింది. ఆ రోజు చీటీ రాసే గదిలో తెలుగు తెలిసిన మనిషి ఎవరూ లేరు. మంగళవారం కౌంటరు నర్సు పర్లాకిమిడి పిల్ల. తెలుగు, ఒడియా రెండూ వచ్చు, సవర మాటలు కొన్ని పట్టుబట్టి నేర్చుకుంది. ఎక్కడ నొప్పి, ఎన్ని రోజులు, ఏం తిన్నావు, కడుపుతో ఉన్నావా అని అడిగేపాటివి. ఆ నాలుగు మాటలకి కొండ మీది వాళ్ళ ముఖాలు విప్పారడం నేను చూశాను. ఈ పర్లాకిమిడిలోనే నూరేళ్ళ కిందట గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలకి చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని తెలుసుకుని, నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. బడికి ఆయన చేసినది ఆసుపత్రికి ఇంకా ఎవరూ చేయలేదు. ప్రతి బ్లాకు ఆసుపత్రిలో చీటీ రాసే బల్ల దగ్గర, ఆ బ్లాకులో మాట్లాడే భాషలన్నీ తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టడం పెద్ద ఖర్చు కాదు. దాన్ని సౌకర్యం అనుకోవద్దు, అది పరీక్షలో భాగం. రోగి చెప్పినది అర్థం కాకపోతే స్టెతస్కోపు పెట్టడం ఆ తర్వాతి మాట.

జనమే ఆ ఆసుపత్రికి వెళ్ళడం లేదు, చేతిలో నాలుగు డబ్బులుంటే ప్రైవేటు డాక్టరు దగ్గరికే పోతున్నారు, మరి దాని మీద ఇంకా డబ్బు ఎందుకు పోయాలి అని నా స్నేహితులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ వెళ్ళని రోజులున్నాయి. డాక్టరు పదకొండింటికి వచ్చి ఒంటిగంటకి వెళ్ళిపోతే, కూలికి వెళ్ళే మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చి చీటీ చేతిలో పట్టుకుని తిరిగి వెళ్ళాలి. రెండోసారి అతను రాడు. తలుపు మూసి ఉందని తెలిసి జనం రావడం మానేస్తే, రావడం లేదు కాబట్టి తలుపు అక్కర్లేదని తేల్చడం ఏ న్యాయం? అదే ఆసుపత్రిలో మంగళవారం కౌంటరు నడిచిన రెండేళ్ళూ వరండాలో బల్లలు చాలక జనం మెట్ల మీద కూర్చునేవారు. నమ్మకం ఎక్కడ పుడుతుందో వాళ్ళకి తెలుసు. వెళ్ళిన ప్రతిసారీ అదే ముఖం కనిపించి, పోయిన నెల చెప్పిన విషయం గుర్తుపెట్టుకుని అడిగితే, అక్కడ పుడుతుంది.

అమ్మకి పక్షవాతం వచ్చిన మరుసటి సంవత్సరం ఆ నర్సు సెలవు ముగించుకుని వచ్చింది. మొదటి వారమే బీరువాలోంచి పుస్తకం తీసి ఎర్ర గీతలు పడవలసిన పేర్లన్నిటికీ ఫోన్లు చేయించింది. మాకూ వచ్చింది. అమ్మ సంగతి చెప్పాను. అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదు. "ఈసారి నేను లేకపోయినా నడిచేట్టు చేయాలి, దాదా" అంది. అప్పటినుంచి తనతో పాటు ఇంకో అమ్మాయికి పుస్తకం చూడటం, పొట్లం మీద బొమ్మలు వేయడం నేర్పింది.

ఆసుపత్రి బాగోగులు చూసేందుకు రోగి కల్యాణ సమితి అని ఒకటి ఉంటుంది. ఊరివాళ్ళం దాని సమావేశానికి అర్జీ పెట్టుకోవచ్చు. పోయిన సంక్రాంతి తర్వాత జరిగిన సమావేశానికి మేము పదకొండు మందిమి వెళ్ళి మూడు విషయాలు రాసి ఇచ్చాం. దీర్ఘ రోగుల కౌంటరులో సెలవు పెట్టినప్పుడు బదులు మనిషిని వేయాలని, రెండు నెలల మాత్రల స్టాకు ఎప్పుడూ అడుగున ఉంచాలని, చీటీ బల్ల దగ్గర తెలుగు, సవర తెలిసినవారిని కూర్చోబెట్టాలని. మొదటి రెండూ రాసుకున్నారు. మూడోదానికి పోస్టు లేదన్నారు. సవర తెలిసిన ఒక ఆశా దీదీ, తెలుగు తెలిసిన మా పక్క ఊరి కుర్రవాడు వంతులవారీగా కూర్చుంటామని ముందుకొచ్చారు. వాళ్ళకి రోజు భత్యం ఇచ్చేందుకు సమితి నిధి నుంచి అనుమతి కోసం కాగితం జిల్లాకి వెళ్ళింది. రేపు రెండో మంగళవారం. అమ్మని తీసుకెళ్ళినప్పుడు ఆ కాగితం ఎంతవరకు వచ్చిందో అడగాలి.